బండి ఱలు పోయిన రాత్రి: తాతయ్య పుస్తకం పని డైరీ

జనవరి 18

పండక్కి ఊరెళ్లినప్పుడు పుట్టిన ఆలోచన ఇది. మే నెలలో తాతయ్యకి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. వచ్చినవాళ్లకి స్టీలు డబ్బాలు పంచే బదులు, ఆయన పుస్తకమే మళ్లీ అచ్చేయించి చేతిలో పెడితే ఎలా ఉంటుందని బాబాయి అన్నాడు. అందరూ బావుందన్నారు. చేసేది ఎవరు అనగానే అందరూ నావైపు చూశారు. రోజంతా కంప్యూటరు ముందే కదా కూర్చుంటావు అన్నది వాళ్ల లెక్క. నేను కూర్చునేది జీఎస్టీ రిటర్నుల ముందని చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

పుస్తకం సంగతి చెప్పాలి. తాతయ్య తెలుగు పండిట్‌గా రిటైరయ్యాక 2003లో కార్తెల మీద ఒక చిన్న పుస్తకం రాసి, సొంత డబ్బుతో 500 కాపీలు వేయించారు. అశ్వినితో మొదలుపెట్టి రేవతి దాకా 27 కార్తెలు. ఒక్కో కార్తెలో పొలంలో ఏం పని ఉంటుంది, గాలి ఎటు వీస్తుంది, ఏ సామెత చెబుతారు, మా వైపు ఏ పనిముట్టుని ఏమంటారు, ఇవీ అందులోని విషయాలు. మొత్తం 88 పేజీలు. ఇప్పుడు ఇంట్లో మిగిలినవి మూడు కాపీలు. ఒకదానికి అట్ట లేదు, ఇంకోదాన్ని చెదలు రుచి చూశాయి.

అటక మీద ఒక సీడీ దొరికింది. దాని మీద తాతయ్య చేతిరాతతో "పుస్తకము" అని ఉంది. ఇంకేం, సగం పని అయిపోయిందనుకున్నాను.

జనవరి 25

సగం కాదు కదా, పావు కూడా కాలేదు.

సీడీ డ్రైవు ఉన్న కంప్యూటరు కోసమే రెండు రోజులు తిరిగాను. చివరికి టౌన్లో పెళ్లి కార్డులు వేసే డీటీపీ షాపులో దొరికింది. అప్పట్లో పేజీలు కూర్చడానికి వాడిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఐదింటిలో మూడు తెరుచుకున్నాయి, రెండు పాడైపోయాయి. తెరుచుకున్నవాటిలో మ్యాటరంతా "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంది. షాపాయన దాన్ని వర్డ్ ఫైలుగా మార్చి పెన్ డ్రైవులో వేసిచ్చాడు. ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలు, వాటి నెత్తిన కొమ్ములు, డాలరు గుర్తులు.

ఆ రోజుల్లో డీటీపీ చేసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఆ ఫాంట్లలో క అంటే నిజానికి క కాదు, ఏదో ఇంగ్లిషు గుర్తు ఉండాల్సిన గదిలో కూర్చోబెట్టిన క బొమ్మ. తలకట్టు ఒక గదిలో, వత్తు ఇంకో గదిలో ఉంటాయి. ఫాంటు తీసేస్తే బొమ్మలు పోయి గదులే మిగులుతాయి. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి అక్షరానికీ తనదంటూ ఒక నంబరు ఉంటుంది. 2003 నాటికే యూనికోడ్‌లో తెలుగు ఉంది. కానీ మన ప్రెస్సుల్లో దాని మొహం చూసినవాళ్లు తక్కువ.

నెట్‌లో అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మొదటిసారి అను వెర్షన్ తప్పు ఎంచుకున్నట్టున్నాను, ఇంకో రకం చెత్త వచ్చింది. రెండోసారి తెలుగు వచ్చింది. వత్తులు కొన్ని పక్క అక్షరానికి అంటుకున్నాయి గానీ, చదివితే అర్థమవుతోంది. అలా 52 పేజీలు చేతికొచ్చాయి. మిగిలిన 36 పేజీలు అచ్చు కాపీలోంచే ఎక్కించాలి.

ఫిబ్రవరి 1

36 పేజీలు టైపు చేసే ఓపిక నాకు లేదు. ఫొటోలు తీసి గూగుల్ డ్రైవులో పడేశాను. ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, పైన ఫొటో, కింద అందులోని అక్షరాలు వస్తాయి. తెలుగు కూడా చదువుతుంది. పుస్తకాన్ని కిటికీ పక్కన పెట్టి, పేజీ మీద అద్దం పలక ఉంచి, పొద్దున తొమ్మిదింటి వెలుతురులో తీసినవి బాగా వచ్చాయి. రాత్రి ట్యూబులైటు కింద తీసినవాటిలో నా చెయ్యి నీడ పడింది. నీడ పడ్డ చోట వాక్యాలు వాక్యాలే ఎగిరిపోయాయి.

తప్పులు ఎలా ఉంటాయో ఒక్కటి చూపిస్తాను. పుస్తకంలో ఉన్నది:

"ఎఱ్ఱ నేలలో చెఱువు క్రింది మడి"

డాక్స్ చదివింది:

"ఎట్ట నేలలో చెటువు క్రింది మడి"

బండి ఱని అది ట అనుకుంటోంది. పాత అచ్చులో రెండూ చూపుకి దగ్గరే మరి. ద-ధ, ప-ఫ, డ-ఢల గొడవ ఎలాగూ ఉంది, కింద ఒక్క గీతే కదా తేడా. అవన్నీ కళ్లతో పట్టుకోవాల్సిందే.

ఫోన్లో తాతయ్యకి ఈ చెటువు సంగతి చెప్తే విసుక్కుంటారనుకున్నాను. ఆయన పకపకా నవ్వారు. "అది మరీ అంత తప్పు చదవలేదే అమ్మాయ్. ఏఱుకి గట్టు చేర్చి చూడు, ఏటిగట్టు అవుతుంది. ఆ ట ఎక్కణ్ణించి వచ్చింది? బండి ఱలోంచే" అన్నారు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి మిషను చేసిన తప్పులోనూ వ్యాకరణమే కనపడింది.

కార్తెల పట్టిక ఉన్న పేజీ మాత్రం పూర్తిగా చిందరవందర అయింది. నిలువు వరసలన్నీ కలిసిపోయి మృగశిరకి ఆగస్టు తేదీ వచ్చింది. దాన్ని వదిలేసి డాక్స్‌లోనే టేబుల్ గీసి చేత్తో కొట్టాను. రోహిణి మే 25 ప్రాంతం, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22... సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులుంటాడు కాబట్టి, 27 కలిపితే ఏడాది సరిపోతుంది. కొడుతూ కొడుతూ నాకూ సగం నోటికొచ్చేశాయి.

ఫిబ్రవరి 4

మొత్తం మ్యాటరు ఒకే డాక్యుమెంటులోకి చేర్చాను. ప్రతి కార్తె పేరునీ హెడింగ్ స్టైల్‌లో పెట్టడంతో ఎడమ పక్కన 27 పేర్లూ వరసగా వచ్చాయి, దేని మీద నొక్కితే అక్కడికి వెళ్లొచ్చు. ఇక తప్పులు దిద్దాలి. ఒక్కదాన్నే చేస్తే మే కాదు కదా దీపావళి దాటుతుంది. లింకు తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. "లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు" అని పెట్టాను, ఎవరినీ విడివిడిగా పిలిచే పని లేకుండా.

ఇది నేను చేసిన మొదటి తప్పు. అప్పుడు తెలియలేదు.

రాత్రి తొమ్మిదింటికి చూస్తే డాక్యుమెంటు నిండా జంతువులు. లింకు పట్టుకుని వచ్చినవాళ్ల పేరు కనపడదు, "అనానిమస్ కాపీబారా" లాంటి పేరేదో పెట్టి లోపలికి పంపుతుంది. ఒక కాపీబారా స్వాతి కార్తెలో తిరుగుతోంది, ఇంకో జంతువు ముందుమాటలో ఆగి ఉంది. నాన్న ఫోనులో తాతయ్యకి చూపించాడట. "మన పొలంలో ఎవర్రా ఇవన్నీ? అడవి పందుల కంటే ఎక్కువున్నాయి" అన్నారట ఆయన.

ఫిబ్రవరి 12

ఉత్సాహం తగ్గేలోపే పని బాగానే జరిగింది. డాలస్‌లో ఉన్న చిన్నత్త మన అర్ధరాత్రి కూర్చుని దిద్దుతోంది, నేను పొద్దున లేచి చూసుకుంటున్నాను. చెల్లి కాలేజీ బస్సులో ఫోన్లోనే రోజుకో కార్తె లాగించేస్తోంది.

ఈ వారం నా చేతి మీదుగానే ఒక తప్పు జరిగింది. తాతయ్య కొన్నిచోట్ల కార్తె అని, కొన్నిచోట్ల కార్తి అని రాశారు. ఏది ఉంచమంటారని అడిగితే కార్తె అన్నారు. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో కార్తి తీసి కార్తె పెట్టి, అన్నీ మార్చెయ్ అన్నాను. రెండు సెకన్లలో అయిపోయింది. మర్నాడు చెల్లి మెసేజ్ పెట్టింది: "అక్కా, కార్తెక పౌర్ణమి అంటే ఏంటి?"

కార్తిక పౌర్ణమిలో కార్తి ఉందని నాకు తట్టలేదు. దీర్ఘం పెట్టి కార్తీక అని రాసినవి తప్పించుకున్నాయి. హ్రస్వంతో రాసినవన్నీ కార్తెకలయ్యాయి. ఇది ఉల్టా తిప్పడం తేలికే, కార్తెక అనే మాట తెలుగులో లేదు కాబట్టి దాన్నే వెతికి మార్చాను. ఈ తేలిక అన్నిసార్లూ ఉండదని రెండు వారాల్లోనే తెలిసొచ్చింది.

ఇదే సందర్భంలో ఇంకో వింత. "ట్రాక్టర్‌తో" అని వెతికితే రెండే చూపిస్తోంది. కళ్ల ముందు ఐదారు కనపడుతున్నాయి. రకార పొల్లుకీ తకీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు పెడితేనే త పక్కకి నిలబడుతుంది, లేకపోతే వత్తుగా మారి "ట్రాక్టర్తో" అవుతుంది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు, కొందరిది పెట్టాల్సిన చోట ఉత్త ఖాళీ వదులుతుంది. కంటికి దాదాపు ఒకలాగే ఉన్నా కంప్యూటరుకి అవి వేర్వేరు మాటలు. అందుకే ఇప్పుడు పొల్లుతో ఆగే మాటలు వెతకాల్సి వస్తే "ట్రాక్ట" దాకానే కొడుతున్నాను.

మార్చి 1

నిన్న శనివారం రాత్రి 11:40కి బావ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది: "బండి ఱలు 214 ఉన్నాయి. అన్నీ తీసేసి మామూలు ర పెట్టేశా. ఇప్పుడు మోడర్న్‌గా ఉంది 👍"

పొద్దున ఆరింటికి చూశాను. కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచాను. చెఱువు లేదు, చెఱకు లేదు, ఏఱు లేదు, మెఱుపు లేదు. మొత్తం ర.

దీన్ని వెనక్కి తిప్పడానికి ఫైండ్ అండ్ రీప్లేస్ పనికిరాదు. ర తీసి ఱ పెట్టమంటే చెఱువుతో పాటు ఊరు ఊఱు అవుతుంది, కూర కూఱ అవుతుంది, నా పేరు కూడా మారుతుంది. యూనికోడ్‌లో ర నంబరు 3120, ఱ నంబరు 3121. పక్కపక్క ఇళ్లు. రెండిళ్లవాళ్లనీ ఒక ఇంట్లో కలిపేశాక ఎవరు ఏ ఇంటివాళ్లో ఆ ఇంటి పెద్దే చెప్పాలి.

వర్షన్ హిస్టరీ ఉంది కదా, నిన్న 11:39 నాటికి వెనక్కి పోదాం అనుకున్నాను. తెరిచి చూస్తే గుండె జారింది. బావ పడుకున్నాక చిన్నత్త లేచింది. రాత్రంతా పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మూడు కార్తెలు దిద్ది, తనకి గుర్తున్న రెండు సామెతలు కూడా చేర్చింది. నేను వెనక్కి తిప్పితే ఆ పనంతా పోతుంది. బావకి ఫోన్ చేశాను. "అదేంటి, కంట్రోల్ జడ్ కొట్టు" అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఇంతకంటే ఎక్కువ రాయను.

తాతయ్యకి ఎవరూ చెప్పొద్దని నాన్నకి చెప్పాను. నాన్న అప్పటికే చెప్పేశాడు.

మార్చి 3

ఊరొచ్చాను. నిన్న సోమవారమూ, ఈ రోజూ సెలవు పెట్టాను. ఇద్దరం కలిసి చేశాం. ఎలా చేశామో వివరంగానే రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

వర్షన్ హిస్టరీలో పాత వర్షన్ పక్కన మూడు చుక్కలుంటాయి. అక్కడ రిస్టోర్ కాకుండా "మేక్ ఎ కాపీ" నొక్కాను. శనివారం 11:39 నాటి పుస్తకం విడిగా ఇంకో ఫైలుగా వచ్చింది. దాన్ని తెరిచి, టూల్స్ మెనూలో "కంపేర్ డాక్యుమెంట్స్" అని ఉంటే, ఇప్పటి ఫైలుని దానికి చూపించాను. రెండిటికీ మధ్య ఉన్న ప్రతి తేడానీ సజెషన్‌గా గుర్తుపెట్టి మూడో ఫైలు తయారు చేసింది. ప్రతి సజెషన్ పక్కన ఒక టిక్కు, ఒక ఇంటూ. చిన్నత్త చేర్చినవి వస్తే టిక్కు, బండి ఱ పోయిన చోట ఇంటూ. అంతే పని. కాకపోతే 214 సార్లు.

తాతయ్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. నేను మాట చదువుతాను, ఆయన "ఉంచు" అనో "తియ్యి" అనో అంటారు. ముప్పయ్యో నలభయ్యో అయ్యాక ఒకచోట ఆగారు. "ఇక్కడ ర నే సరి. అప్పుడు ప్రెస్సువాడు బండి ఱ వేశాడు, నేను ప్రూఫులో పట్టుకోలేదు." అలాంటివి మొత్తం ఆరు తేలాయి. బావ చేసిన ఘనకార్యం వల్ల ఇరవై ఏళ్ల నాటి తప్పులు ఆరు బయటపడ్డాయన్నమాట. ఈ ముక్క బావకి నేను చెప్పను.

రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది, దాంతో వైఫై కూడా. క్రోమ్‌లో ఆఫ్‌లైన్ సౌకర్యం ముందే ఆన్ చేసి పెట్టుకున్నాను కాబట్టి ఫైలు తెరిచే ఉంది, కరెంటొచ్చాక దానంతటదే కలిసిపోయింది.

బావ అన్నదాంట్లో న్యాయం లేదని కాదు. నేనూ చెరువు అనే రాస్తాను, బండి ఱతో రాసేవాళ్లు ఇప్పుడు ఎంతమంది? కొత్తవాళ్లకి చదవడానికి అడ్డం అవుతుందేమో అని తాతయ్యనే అడిగాను. "అడ్డమైతే ఒక్క క్షణం ఆగుతారు. ఆగితే నష్టమేంటి?" అన్నారు. పుస్తకం ఆయనది. మాట ఆయనదే.

సాయంత్రం తలుపులు వేసేశాను. లింకు ఉన్న ఎవరైనా అన్నది తీసేసి, పిలిచినవాళ్లకి మాత్రమే అని పెట్టాను. తొమ్మిది మందినీ మెయిల్ ఐడీలతో విడివిడిగా చేర్చి అందరికీ కామెంటర్ హక్కే ఇచ్చాను. కామెంటర్ అయినా అక్షరాలు మార్చొచ్చు, కానీ ఆ మార్పు రంగులో సూచనగా నిలబడుతుంది, ఎడిటర్ ఒప్పుకుంటేనే లోపలికి వెళుతుంది. ఇది మొదటి రోజే చేసి ఉండాల్సింది. ప్రస్తుత వర్షన్‌కి "బండి ఱలు తిరిగొచ్చాయి, మార్చి 3" అని పేరు పెట్టాను. పేరు పెట్టిన వర్షన్లు వెతుక్కోవడం తేలిక, తారీఖుల్లో తడుముకోనక్కర్లేదు.

జంతువులన్నీ వెళ్లిపోయాయి. కొంచెం బోసిగానే ఉంది.

మార్చి 15

తాతయ్య స్క్రీను మీద దిద్దరు. ప్రింటు తీసిస్తే ఎర్ర పెన్నుతో దిద్దుతారు, నాన్న ఫొటో తీసి పంపుతాడు, నేను ఎక్కిస్తాను. బాగానే సాగుతోంది గానీ పనిముట్ల అధ్యాయానికి ఆయన కొత్త మ్యాటరు చేర్చాలంటున్నారు. అంత రాయడానికి చెయ్యి వణుకుతోంది.

వాయిస్ టైపింగ్ పెట్టి చూశాం. టూల్స్‌లో మైకు తెరిచి భాష తెలుగు ఎంచుకుంటే మాట్లాడింది రాసుకుంటూ పోతుంది. తాతయ్య క్లాసులో డిక్టేషన్ ఇచ్చినట్టు ఒక్కో మాట విరిచి చెప్పారు. అలా విరిస్తే దానికి అర్థం కాలేదు. "మామూలుగా, నాతో మాట్లాడినట్టు చెప్పండి తాతయ్యా" అన్నాక గాడిలో పడింది. చుక్కలు, కామాలు రావు, అవి నేనే పెట్టుకోవాలి. వార్తల భాష బాగా రాస్తుంది. గుంటక, దంతె లాంటి మాటలు వచ్చేసరికి తడబడి, తనకి తెలిసిన మాటేదో పెట్టేస్తుంది. పైగా ఆయన "ఏమే, నీళ్లు తే" అని నానమ్మని పిలిచింది కూడా పుష్యమి కార్తెలోకి ఎక్కింది. అది తీసేయడానికి నాకు మనసొప్పలేదు, చివరికి తీసేశాను.

నాలుగు పేజీలు వచ్చాయి. రెండు సాయంత్రాల పని.

మార్చి 29

కామెంట్లలో మంచి గొడవ నడుస్తోంది, ఇది కావాల్సిన రకం.

మృగశిర దగ్గర తాతయ్య రాసిన సామెత: మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది. పెద్దత్త మెట్టినిల్లు కరీంనగర్ వైపు. ఆ మాట పక్కన కామెంటు పెట్టింది: "మా దగ్గర మృగశిర అనరు, మిరుగం అంటారు. ఆ రోజు ఇంట్లో చేపల కూర ఉండాల్సిందే. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో చేప ప్రసాదం ఇచ్చేదీ అప్పుడే. ఇదంతా పుస్తకంలో ఎందుకు లేదు?" దాని కింద చిన్నత్త, దాని కింద బాబాయి, మొత్తం 17 జవాబులు. తాతయ్య అంతా చదివించుకుని, "నేను రాసింది మా ఊరి కార్తెలు. అత్తవారి ఊరి సంగతి దాని పేరుతోనే కింద వెయ్యి" అన్నారు. ఫుట్‌నోట్‌గా వేశాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే పేజీ అడుగున అంకె వచ్చి కూర్చుంటుంది. అలా ఇప్పటికి 23 ఫుట్‌నోట్లు. నా వరకు నాకు పుస్తకంలో అన్నిటికంటే నచ్చేవి అవే.

తేలిపోయిన కామెంటుని "రిజాల్వ్" కొడితే పక్కకి తప్పుకుంటుంది, పోదు. అది తెలియక పెద్దత్త "నా మాట ఎవరు చెరిపేశారు" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 12

ఫాంట్లు చూశాను. "మోర్ ఫాంట్స్"లో స్క్రిప్టు దగ్గర తెలుగు అని ఎంచుకుంటే చాలానే వచ్చాయి. మండలి, సురవరం, గురజాడ, ఎన్టీఆర్, రామభద్ర... తాతయ్యకి ఒక్కోటీ చూపించాను. గిడుగు దగ్గరికి రాగానే ఆయన మొహం చూడాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారి పేరున్న ఫాంటులో ఈయన బండి ఱలు, అరసున్నలు అచ్చేస్తే ఎలా ఉంటుంది? "ఆయన ఊరుకోడు" అని నవ్వారు. కడకి మ్యాటరుకి నోటో సెరిఫ్ తెలుగు, హెడింగులకి రామభద్ర తీసుకున్నాం. నోటో తీసుకున్నది అందం చూసి కాదు, అరసున్నతో సహా తాతయ్య వాడిన ప్రతి అక్షరం అందులో ఉంది.

పేజీ సైజు దగ్గర ఒక చిన్న కిటుకు. ప్రెస్సాయన డెమ్మీ వన్ బై ఎయిట్ అన్నాడు, అంటే ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. డాక్స్ పేజ్ సెటప్‌లో ఆ పేరు వెతికితే దొరకదు. "స్టేట్‌మెంట్" అని ఉన్నది సరిగ్గా ఆ కొలతే. బైండింగు వైపు ఎక్కువ జాగా వదలడానికి కుడి పేజీకి ఒక మార్జిన్, ఎడమ పేజీకి ఇంకో మార్జిన్ ఇవ్వడం మాత్రం డాక్స్‌లో కుదరలేదు. రెండు పక్కలా ఒకేలా ఎక్కువ వదిలేశాను.

లెక్క చూస్తే 118 పేజీలు తేలింది. ఒకే కాగితం మీద కలిపి అచ్చేసే ఫారానికి 16 పేజీలట. అయితే 112 చెయ్యండి, లేకపోతే 128 చెయ్యండి అన్నాడు ప్రెస్సాయన. అక్షరం సైజు 12 నుంచి 11కి దించితే 112లో పడుతుంది. తాతయ్య ఒప్పుకోలేదు, "నా వయసువాళ్లు చదవాలి కదమ్మా" అన్నారు. కాబట్టి 128. మిగిలిన 10 పేజీల్లో గీతలు గీసి, పైన "మీ ఊరి సామెత" అని పెట్టాం.

ఏప్రిల్ 26

ప్రూఫు చూసి ఏడుపొచ్చింది. వత్తులన్నీ కింద నుంచి ఊడి పక్కకి వచ్చాయి. నా పీడీఎఫ్‌ని అక్కడ ఎవరో పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో విప్పి, పేజీ నంబర్లు జరపబోయారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కలిపి రాయడం రాదు. విప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు ప్రింటు కొట్టండి, జరపాల్సింది ఉంటే నాకు చెప్పండి, నేను జరిపి కొత్త పీడీఎఫ్ పంపుతానని చెప్పాను. ఫోన్లో చెబితే పని కాలేదు, వెళ్లి పక్కన నిలబడ్డాను. రెండో ప్రూఫు బాగుంది.

300 కాపీలు.

మే 10

ఫంక్షను బాగా జరిగింది. పుస్తకాలు 40 మిగిలాయి. నానమ్మ వాటిని బీరువాలో చీరల కింద దాచింది.

ఇక డాక్యుమెంటు నా పేరు మీద ఎందుకని, తాతయ్యకి మెయిల్ ఐడీ ఉంది కదా, ఓనర్‌షిప్ ఆయనకి మార్చేద్దామనుకున్నాను. షేర్ తెరిచి ఆయన పేరు పక్కన "ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్" నొక్కితే అవతలివాళ్లకి మెయిలు వెళుతుంది. వాళ్లు సరేనంటేనే మారుతుంది. ఆయన ఫోను ఆయన చేతికిచ్చి ఇక్కడ నొక్కండి అన్నాను.

"దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదా?" అన్నారు.

"అక్కర్లేదు తాతయ్యా."

"సాక్షులు?"

"నేనున్నాగా."

కళ్లజోడు సర్దుకుని నొక్కారు. తర్వాత ఫోను నాకివ్వకుండా ఇంకాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు. తొమ్మిది మంది పేర్లూ ఒక్కొక్కటే చదువుకుంటూ కిందికి వెళ్లారు.

"మీ బావ పేరు పక్కన కామెంటర్ అని ఉందేం?"

"అంటే సలహాలు ఇవ్వచ్చు."

"అదేదో వ్యూయర్ అని కూడా ఉంది. అంటే?"

"ఉత్తినే చదవడానికి."

పది నిమిషాల తర్వాత బావ దగ్గర్నుంచి నాకు ఫోను.